ఎండాకాలంలో ఊరి పాటల రాత్రి పెట్టుకోవడం ఎలా?

ఉగాది దాటిందంటే నాకు ఒకటే ప్రశ్నతో ఫోన్లు వస్తుంటాయి. "అన్నా, సెలవులకు అందరం ఊరికొస్తున్నాం. ఒక రాత్రి జానపద పాటల ప్రోగ్రాం పెట్టాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?" ఒగ్గు కథవాళ్లు (డోలు, తాళాలతో మల్లన్న, ఎల్లమ్మ కథలు పాడి ఆడి చెప్పేవాళ్లు) దొరుకుతారా, పోలీసులకు చెప్పాలా, మైకు ఎలాంటిది మాట్లాడాలి, ముసలమ్మలు నిజంగా పాడతారా... ప్రతి ఏడూ ఇవే. వరంగల్ వైపు మా ఊళ్లో తొమ్మిదేళ్లుగా ఈ పని చేస్తున్నాం కాబట్టి, మాకు తెలిసినదంతా ఒక్కచోట రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. డబ్బులు చాలక చెడిపోయిన పాటల రాత్రిని నేను ఇంతవరకు చూడలేదు. ఏర్పాట్లన్నీ అతిథుల కోసం చేసి, పాడేవాళ్లను చివర్లో గుర్తుచేసుకున్న చోటే అన్నీ చెడ్డాయి. కింద ఏ పని చేస్తున్నా "పాడే మనిషికి ఇది వీలుగా ఉంటుందా?" అని ఒక్కసారి అడిగి చూసుకోండి.

ఏమేం కావాలి

ఈ లెక్క 150 నుంచి 200 మంది వచ్చే రాత్రికి.

- నలుగురైదుగురు పనివాళ్లు. అందులో ఇద్దరు తప్పకుండా ఆడవాళ్లు ఉండాలి. ఎందుకో 3వ మెట్టులో చెప్తాను.
- కనీసం 60 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు ఉన్న చదును నేల.
- టార్పాలిన్లు, జంపఖానాలు. పెద్దవాళ్లకు 40 కుర్చీలు.
- రెండు స్పీకర్ బాక్సులు, నాలుగు మైకులు, రెండు పొడుగు స్టాండ్లు, రెండు పొట్టి స్టాండ్లు. పొట్టి స్టాండ్లు గట్టిగా అడిగి తెప్పించుకోండి.
- ఒక రోలు, రెండు రోకళ్లు, ఒక విసుర్రాయి, రెండు చేటలు.
- 20 లీటర్ల నీళ్ల క్యాన్లు 15, మట్టి కుండలు నాలుగు, మజ్జిగకు 20 లీటర్ల పెరుగు.
- ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, టార్చిలైట్లు, రెండు బకెట్ల నీళ్లు, ఒక బస్తా ఇసుక.
- కళాకారులకు ఇవ్వాల్సిన డబ్బు కవర్లలో పెట్టి, పేర్లు రాసి, ముందు రోజే సిద్ధంగా.

1. తేదీ ఖాయం చేసుకోండి

పంచాంగం దగ్గర పెట్టుకుని కూర్చోండి. వైశాఖంలో పెళ్లిళ్లు జోరుగా ఉంటాయి. మంచి ముహూర్తం ఉన్న రోజున డప్పు బృందం దొరకడం కష్టం, మైకు సెట్టు దొరకడం ఇంకా కష్టం. అదే మూఢం నడుస్తున్న రోజుల్లో ముహూర్తాలుండవు కాబట్టి అందరూ ఖాళీగా ఉంటారు, మీరు అడిగిన రోజుకు వస్తారు. పాటకు ముహూర్తంతో పనిలేదు.

పౌర్ణమి నాడో, దానికి ముందు రెండు మూడు రోజుల్లోనో పెట్టుకుంటే వెన్నెల ఉంటుంది. కరెంటు పోయినా రాత్రి ఆగదు. కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా సాగుతుంది. ఆ మూడు నెలలు ఒగ్గు కథవాళ్లకు తీరికుండదు. ఉగాది తర్వాత అడగండి. ఇక జూన్ మొదటి వారం దాటించొద్దు. మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడితే రైతు మనసు దుక్కి మీదికి పోతుంది, మీ జంపఖానాలు ఖాళీగా మిగులుతాయి.

రోహిణి కార్తెలో వద్దని కొందరంటారు. పగలు ఎండ మండిపోయే మాట నిజమే. కానీ ఏడింటి తర్వాత మొదలుపెడితే ఇబ్బంది ఉండదు. మేం రెండుసార్లు పెట్టాం.

2. చోటు చూసుకోండి

ఊరి బడి ఆవరణ అన్నిటికన్నా మేలు. సెలవులు కాబట్టి ఖాళీగా ఉంటుంది, గోడ ఉంటుంది, మరుగుదొడ్లు ఉంటాయి. ఆడవాళ్లు రాత్రి పదిదాకా కూర్చోవాలంటే మరుగుదొడ్డి ఉండాల్సిందే. ప్రధానోపాధ్యాయులకు చెప్పి, తాళం ఎవరి దగ్గరుందో ముందే కనుక్కోండి. బడి కుదరకపోతే గుడి ముందు చోటు, చావడి, ధాన్యం ఎత్తేసిన కల్లం. కల్లమైతే చుట్టుపక్కల గడ్డివాములున్నాయేమో చూడండి. డప్పు కాపడానికి మంట వేయాలి కాబట్టి, గడ్డివాము దగ్గరుంటే ఆ చోటు వదిలేయండి.

స్టేజీ కట్టొద్దు. ఈ మాట చెప్పినప్పుడల్లా మా ఊరి కుర్రాళ్లు కూడా మొహం చిన్నబుచ్చుకున్నారు. నాట్లేస్తూ పాడిన మనిషిని నాలుగడుగుల ఎత్తున నిలబెట్టి, మొహం మీద లైటు కొడితే నోరు పెగలదు. కోలాటానికీ చెక్కభజనకూ ఎలాగూ నేలే కావాలి. 16 మంది వలయంగా తిరగాలంటే 25 అడుగుల ఖాళీ జాగా ఉండాలి. అందుకే మధ్యలో ఆ జాగా వదిలి, జనాన్ని మూడు వైపులా కూర్చోబెట్టండి. ముందు వరుసలు జంపఖానాల మీద, వెనుక కుర్చీలు. నాలుగో వైపు పాడేవాళ్లు.

షామియానా కూడా అక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలి చెప్పి రాదు. మూడో ఏడు మేం వేయించిన షామియానా ఒక్క గాలికి కర్రలతో సహా లేచి పక్కన పడింది. అప్పటికి జనం రాలేదు కాబట్టి బతికిపోయాం. ఆకాశం కిందే కూర్చోండి.

3. మీ ఊళ్లో పాడేవాళ్లను వెతకండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికి కేటాయించండి, కనీసం మూడు వారాలు. బయటి బృందాన్ని ఫోన్లో మాట్లాడుకోవచ్చు. మీ ఊరి పాట మాత్రం మీరు గడప గడపకూ పోతేనే దొరుకుతుంది.

"పాటలొచ్చా?" అని అడిగితే ప్రతి ఇంట్లో "మాకేం పాటలు బిడ్డా" అనే వస్తుంది. అలా అడగొద్దు. "నాట్లేసేటప్పుడు ఎవరు ఎత్తుకునేది, ఎవరు అందుకునేది?" అని అడగండి. "మీ పెళ్లిలో అప్పగింతల పాట ఎవరు పాడారు?" "మనవడికి ఏం జోల పాడతావు?" ఇలా పని పేరు చెప్పి అడిగితే మనుషుల పేర్లు బయటికొస్తాయి. ఒకరు ఇంకొకరి పేరు చెప్తారు. మూడో ఇంటికల్లా మీ దగ్గర పది పేర్లుంటాయి. ఆడవాళ్లను అడగడానికి ఆడవాళ్లే పోవాలి. మగపిల్లలు నోటుబుక్కు పట్టుకుని పోతే ఏదో సర్వే అనుకుని తలుపు దగ్గరే మాట ముగిస్తారు.

పోవాల్సిన వేళ సాయంత్రం నాలుగు నుంచి ఆరు. పొద్దున పనులుంటాయి, మధ్యాహ్నం కునుకు.

ఇప్పుడు రోలు, రోకలి సంగతి. మొదటి ఏడు మా వాడలో ఒక పెద్దమ్మ తనకు దంపుడు పాటలు బాగా వచ్చని చెప్పింది. మైకు చేతికిచ్చాం. రెండుసార్లు దగ్గి, "యాదికొస్తలేదు బిడ్డా" అని కూర్చుండిపోయింది. ఆ రాత్రి ఆమె మొహం చూసి మాకే బాధనిపించింది. మరుసటి ఏడు నేల మీద రోలు పెట్టి, అందులో నాలుగు గుప్పెళ్ల ఎండు పసుపు కొమ్ములు వేసి ఊరుకున్నాం. ఆమె లేచి, కొంగు నడుముకు బిగించి, రోకలి అందుకుంది. నాలుగు పోట్లు వేసింది. ఎదురుగా ఆమె తోటికోడలు రెండో రోకలి పట్టింది. అయిదో పోటుకు "హుం" అని ఊపిరి వదిలి పాట ఎత్తుకుంది. ఇరవై నిమిషాలు ఆపలేదు. పసుపు పొడి ఆమె మోచేతుల దాకా అంటింది.

పని చేస్తూ నేర్చుకున్న పాట పనితోనే తిరిగొస్తుంది. విసుర్రాయి పాటకు విసుర్రాయి, ఊయల పాటకు చీర ఊయల. నాట్ల పాటకైతే వంగి నిలబడే నలుగురు పక్కన ఉంటే చాలు, ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. ఒక్కరినే పాడమనొద్దు, ఎప్పుడూ జట్టుగా పిలవండి.

జాగ్రత్త: ప్రతి పాటా ప్రతి రాత్రికీ పనికిరాదు. బతుకమ్మ పాటలకు వాటి కాలం ఉంది, ఎండాకాలంలో పాడమని పట్టుపట్టొద్దు. చావు దగ్గర పాడే శోకాలు కొందరికి అద్భుతంగా వచ్చు. వాటిని సభలో అడగనే అడగొద్దు. ఏ పాట పాడాలో, ఏది పాడకూడదో పాడేవాళ్లే చెప్తారు.

4. బయటి బృందాన్ని మాట్లాడుకోండి

ఒక్క బృందం చాలు. రెండు పెడితే మీ ఊరివాళ్లకు సమయం మిగలదు.

ఎవరిని పిలవాలన్నది మీ ప్రాంతాన్ని బట్టి. తెలంగాణలో ఒగ్గు కథ, చిందు యక్షగానం, డప్పు. ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్లు, జముకుల కథ. రాయలసీమలో చెక్కభజన, అనంతపురం వైపైతే ఉరుములు (ఉరుము అనే వాయిద్యం కొడుతూ ఆడేది). బుర్రకథ కోస్తాలో ఇంకా బాగా దొరుకుతుంది. మీ నేలకు దగ్గరైనదాన్నే పిలిస్తే ముందు వరుసలోని పెద్దవాళ్లు వంత కలుపుతారు. దూరం నుంచి తెచ్చినదాన్ని ఊరికే చూస్తారు.

బృందాలు తెలియకపోతే జిల్లా పౌర సంబంధాల అధికారి కార్యాలయంలో అడగండి, కళాజాతాలకు (ప్రభుత్వ ప్రచారానికి ఊరూరా ఆడే పాటల ప్రదర్శనలకు) పోయే బృందాల వివరాలు వాళ్లకు తెలుస్తాయి. తెలంగాణలో భాషా సాంస్కృతిక శాఖ, ఆంధ్రప్రదేశ్‌లో సృజనాత్మకత, సంస్కృతి సమితి ఉన్నాయి. అంతకన్నా తేలిక దారి, మీ మండలంలో బోనాలకో బీరప్ప పండగకో వచ్చే బృందం ఏదో కనుక్కోవడం. కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారికి 2022లో, బుర్రవీణ వాయించే దాసరి కొండప్ప గారికి 2024లో పద్మశ్రీ వచ్చాక, చాలామంది పెద్ద పేర్ల కోసమే ప్రయత్నించి, దొరక్కపోతే ప్రోగ్రామే మానుకుంటున్నారు. మీ పది కిలోమీటర్ల లోపల ఏ అవార్డూ రాని మంచి కథకుడు ఒకాయన ఉండే ఉంటాడు. ఆయన్ను పిలవండి.

మాట్లాడేటప్పుడు ఈ అయిదూ తేల్చుకుని కాగితం మీద రాసుకోండి:

- ఎంతమంది వస్తారు, ఎన్ని గంటలు చెప్తారు.
- మొత్తం ఎంత, దారి ఖర్చు అందులో ఉందా, విడిగానా.
- రాత్రి పడక ఎక్కడ, పొద్దున బండి ఏది.
- కథలో ఏ భాగం. ఒగ్గు కథ పూర్తిగా చెప్పాలంటే ఒక్క రాత్రి చాలదు. మల్లన్న కథో ఎల్లమ్మ కథో, అందులో గంటన్నరకు సరిపడే ఘట్టం ఏదో వాళ్లనే ఎంచుకోమనండి.
- పూజ ఉంటుందా. ఒగ్గువాళ్లు పట్నం (రంగు పొడులతో దేవుడి ముగ్గు) వేస్తే అది దేవుడి పని. దానికి బండారి (పసుపు), బియ్యప్పిండి, మిగతా సామాను మీరు సమకూర్చాలి. మీకు కథ ఒక్కటే కావాలంటే ఆ మాట ముందే మర్యాదగా చెప్పండి.

శాలువాల మీద డబ్బు పెట్టొద్దు. ఆ డబ్బు కూడా కవర్లోనే పెట్టండి. కథ అయిన పావుగంటలో కవరు చేతికి అందాలి. "రేపు పంపిస్తాం" అనే మాట మీ నోట రాకూడదు.

ఇంకో మాట, గట్టిగా చెప్తున్నాను. డప్పు కళాకారులను వేరుగా కూర్చోబెట్టి, వేరుగా అన్నం పెట్టే అలవాటు ఇంకా చాలా ఊళ్లలో పోలేదు. మీ పాటల రాత్రిలో అది జరగడానికి వీల్లేదు. ఒకే పంక్తి, ఒకే వంట, అందరికీ "మీరు" అనే పిలుపు. దీనికి ఒప్పుకోనివాళ్ల చందా తీసుకోకండి.

5. అనుమతులు

చిన్న పని, కానీ వదిలేయొద్దు. వారం ముందే పంచాయతీ కార్యదర్శికి ఒకటి, పోలీస్ స్టేషన్‌కు ఒకటి దరఖాస్తు ఇచ్చి, ముద్ర వేసిన నకళ్లు దగ్గర పెట్టుకోండి. తేదీ, చోటు, సమయం, ఎంతమంది, బాధ్యుల ఫోన్ నంబర్లు, ఇవి చాలు.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం మైకుకు రాతపూర్వక అనుమతి తప్పనిసరి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు వాడకూడదు. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, ఆ వేళ వాయిద్యాలు కూడా కూడదు. డప్పు, డోలు పదికల్లా ఆగాలి. పండగలకు, సాంస్కృతిక ఉత్సవాలకు అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉంది, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. మీ తేదీ అందులో లేకపోతే పది అంటే పదే. ఆసుపత్రికి 100 మీటర్ల లోపల అసలు పెట్టొద్దు.

కరెంటుకు లైన్‌మన్‌తో మాట్లాడి సరైన కనెక్షన్ తీసుకోండి. తీగ మీద కొండీ వేసి లాగడం ప్రాణాల మీదికి తెస్తుంది.

6. మైకు, లైట్లు

సగం పాటల రాత్రులు మైకు దగ్గరే పాడవుతాయి, అందుకే వివరంగా రాస్తున్నాను.

మైకు సెట్టు పెళ్లిళ్లకు తిరిగేదే దొరుకుతుంది. వాళ్ల చెయ్యి అలవాటుగా రెండు మీటల మీదికి పోతుంది, ఒకటి ఎకో, రెండోది బేస్. జానపదంలో మాట వినపడాలి. ఎకో పెడితే మాట మీద మాట పడి మొత్తం గంద్రగోళమవుతుంది. "అన్నా, ఎకో మొత్తం తీసేయండి, బేస్ తగ్గించండి" అని మొదలుకాకముందే చెప్పండి. మధ్యలో మళ్లీ పెంచుతారు, మళ్లీ చెప్పండి. మీ పనివాళ్లలో ఒకరు ఆ రాత్రంతా మిక్సర్ పక్కనే కూర్చోవాలి.

స్పీకర్ బాక్సులు పాడేవాళ్లకు ముందు వైపు, జనం వైపు తిరిగి ఉండాలి. పాడేవాళ్ల వెనుక పెడితే మైకు కుయ్యిమని అరుస్తూనే ఉంటుంది.

డప్పుకు మైకు పెట్టొద్దు. ఆరుగురు వాయిస్తే 200 మందికి దానికదే వినిపిస్తుంది. పాడే గొంతుకు డప్పు కనీసం పదిహేను అడుగుల దూరంలో ఉంటే రెండూ విడివిడిగా వినపడతాయి. బుర్రకథకు మధ్యలో కథకుడికి ఒకటి, ఇటూ అటూ గుమ్మెట వాయించే వంతలకు చెరొకటి. ఒగ్గు కథవాళ్లు చిందేస్తూ చెప్తారు కాబట్టి స్టాండు అడ్డమవుతుంది. కాలర్ మైకు ఉంటే మంచిది, లేకపోతే చేతి మైకు ఇచ్చి వైరు పొడుగ్గా వదలండి, ఆ వైరును ఒక మనిషి చూసుకోవాలి.

మీ ఊరి అమ్మలకు మాత్రం మైకు చేతికివ్వొద్దు. పొట్టి స్టాండు మీద, కూర్చున్న మనిషి గడ్డం కన్నా కాస్త కిందుగా, జానెడు దూరంలో, ఇద్దరి మధ్య ఒకటి పెట్టండి. కాసేపటికి అది ఉందన్న సంగతే మరిచిపోతారు. పాట అప్పుడొస్తుంది.

లైట్లు పాడేవాళ్ల తల మీద కట్టొద్దు. ఎండాకాలం రాత్రి పురుగులన్నీ లైటు చుట్టూ చేరతాయి, నోరు తెరిచి పాడే మనిషి నోట్లో పడతాయి. ఇరవై అడుగుల దూరంలో, పక్కగా, పసుపు రంగు బల్బులు కట్టండి. ఇంకో పెద్ద తెల్ల లైటు దూరంగా గోడ దగ్గర వెలిగిస్తే పురుగులు చాలావరకు అటు పోతాయి.

7. నీళ్లు, మజ్జిగ, అన్నం

లీటరు పెరుగుకు మూడు లీటర్ల నీళ్లు కలిపితే మామూలు గ్లాసులు ఇరవై వస్తాయి. 200 మందికి మనిషికి రెండు చొప్పున 20 లీటర్ల పెరుగు. ఉప్పు, కరివేపాకు, దంచిన అల్లం. ఐసు వేయొద్దు, కుండల్లో పోస్తే చాలు.

పాడేవాళ్లకు మజ్జిగ పాట అయ్యాకే. ముందు గోరువెచ్చని నీళ్లు, కాస్త బెల్లం. మిరియాల పాలు అడిగేవాళ్లూ ఉంటారు. అన్నం ఎప్పుడు తింటారో బృందాన్ని అడగండి. కొందరు కథకు ముందు తినరు, కొందరు తినకపోతే నిలబడలేరు. బయటినుంచి వచ్చే పెద్దవాళ్లను 12 నుంచి 4 మధ్య ఎండలో ప్రయాణం చేయించొద్దు. పొద్దున్నే రప్పించి నీడన పడుకోబెట్టండి, లేదా నాలుగు తర్వాత బండి పంపండి. కల్లు, మందు పాట అయ్యేదాకా లేవన్న మాట కూడా బేరం నాడే చెప్పేయండి.

8. ఆ సాయంత్రం

నాలుగున్నరకు నేలంతా నీళ్లు చల్లండి, ఆరింటికి ఇంకోసారి. పగలంతా కాలిన నేల ఒక్క చల్లుకు చల్లబడదు. ఆ తడి ఆరాకే జంపఖానాలు పరవండి.

వాతావరణ శాఖ హెచ్చరికలు చూడండి. ఫోన్లో దామిని యాప్ పెట్టుకుంటే దగ్గర్లో పిడుగులు పడే అవకాశం ఉంటే తెలుస్తుంది. ఉరుము వినపడితే వెంటనే కరెంటు తీసేయించి, అందర్నీ బడి గదుల్లోకి పంపండి. చెట్టు కిందికి పోనివ్వొద్దు. గదుల తాళాలు మీ జేబులో ఉండాలి.

డప్పుల మంటను జనానికి ముప్పై అడుగుల దూరంలో, గాలి వాలుకు అవతల వేయించండి. పక్కన నీళ్ల బకెట్లు, ఇసుక. కాపే పని డప్పు కళాకారులదే. దగ్గర నిలబడి చూడండి. గుప్పెడు గడ్డి వెలిగించి, తోలును మంటకు కాస్త దూరంగా తిప్పుతూ, మధ్యమధ్య వేలితో కొట్టి వింటాడు. మొదట "దబ్" మని మొద్దుగా ఉన్న చప్పుడు, నాలుగోసారికి "ఠంగ్" మంటుంది. అప్పుడు లేస్తాడు. చల్లగాలికి రాత్రి మళ్లీ వదులవుతుంది కాబట్టి, గంటకోసారి కాపుకోవడానికి విరామం ఇవ్వండి. ఫైబర్ డప్పులైతే ఈ పని లేదు. కానీ తోలు డప్పు దొరికినన్నాళ్లు దానికే నా ఓటు.

9. నడిపించడం

మేం పాటించే వరుస ఇది:

- 7:00 డప్పు దరువు. వాడలన్నీ తిరిగి జనాన్ని వెంటేసుకుని చోటుకు రావడం.
- 7:20 ఊరి పిల్లల కోలాటం.
- 7:40 ఊరి ఆడవాళ్ల పాటలు, రోలు, విసుర్రాయి దగ్గర.
- 8:20 అయిదు నిమిషాలు పెద్దల మాట. ఒక్కరే, అయిదు నిమిషాలే.
- 8:25 బయటి బృందం కథ.
- 9:50 మైకు బంద్.

మీ ఊరి పాటలు కథకు ముందే ఉండాలి. కథ అయ్యాక పెడితే జనం లేచిపోతారు, పెద్దవాళ్లకు నిద్ర ముంచుకొస్తుంది.

నాయకులొస్తే గౌరవంగా ముందు వరుసలో కూర్చోబెట్టండి. పాట మధ్యలో ఆపి సన్మానం చేయడం మాత్రం వద్దు. ఒక ఏడు మేం ఆ తప్పు చేశాం. ఆగిన నాట్ల పాట మళ్లీ అదే ఊపులో ఎత్తుకోలేకపోయారు.

ఈ మధ్య యూట్యూబ్‌లో వచ్చే జానపదాలు చాలావాటికి రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు ఉన్నారు. మీ కుర్రాళ్లు అవి పాడితే వాళ్ల పేర్లు చెప్పి పాడమనండి. రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెట్టేముందు వాళ్ల అనుమతి కావాలి.

10. రికార్డు చేసుకోవడం

వీడియో కన్నా ఆడియో ముఖ్యం. ఒక ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, మడిచిన తువ్వాలు మీద, పాడే మనిషికి మూడడుగుల దూరంలో ఉంచండి, స్పీకర్ బాక్సు దగ్గర వద్దు. ముందు ఒక నిమిషం రికార్డు చేసి, ఇయర్‌ఫోన్స్ పెట్టి వినండి. గొంతు పగిలినట్టుంటే ఇంకో రెండడుగులు జరపండి.

ప్రతి పాటకు ముందు ఒక మాట చెప్పించండి: పేరు, పుట్టిల్లు ఏ ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారు. పుట్టింటి ఊరు తప్పకుండా అడగాలి. ఆడవాళ్ల పాటలు చాలావరకు అక్కడినుంచి వచ్చినవే. మరుసటి పొద్దున్నే రెండు చోట్ల కాపీ పెట్టుకోండి. ఎవరి పాటైనా బయట పెట్టాలంటే వాళ్లను అడిగి, ఒప్పుకుంటేనే.

11. పదింటి తర్వాత

మైకు కట్టేసి, డప్పులు పక్కన పెట్టాక జనం సగం ఇళ్లకు పోతారు. మిగిలిన ముప్పై నలభై మందీ దగ్గరగా జరిగి, ఒకే జంపఖానా మీద కూర్చోండి. ఒక్క లైటు ఉంచి మిగతావి ఆర్పేయండి. గొంతులు పెంచకుండా, ముచ్చట్లాడుకున్నట్టు పాడుకోండి. ఏల పాటలు, తుమ్మెద పదాలు, జోలలు. మైకు ముందు నోరు విప్పనివాళ్లు ఇప్పుడు విప్పుతారు. మా దగ్గరున్న మంచి పాటల్లో సగానికి పైగా ఈ గంటలో దొరికినవే. కాబట్టి ఫోన్ ఆపి సామాను సర్దే తొందర పెట్టుకోవద్దు.

తరచూ జరిగే పొరపాట్లు

పిల్లల సినిమా పాటల డాన్సుతో మొదలుపెట్టడం. ఒకసారి ఆ స్థాయి చప్పుడు విన్న చెవికి తర్వాత విసుర్రాయి పాట ఎక్కదు. పిల్లలకు కోలాటం నేర్పించండి, వారం రోజులు చాలు.

పాటలకు పోటీ పెట్టి బహుమతులివ్వడం. మా పక్క ఊళ్లో ఇలా చేశారు. మొదటి బహుమతి రాని ముగ్గురు అమ్మలు మరుసటి ఏడు రాలేదు. అందరికీ ఒకే రకం చీరో, ఒకే మొత్తమో ఇవ్వండి.

పాడేవాళ్లకు తోడు ఏర్పాటు చేయకపోవడం. రాత్రి పదకొండింటికి ముసలమ్మను ఇంటిదాకా ఎవరు దింపాలో పేరు పేరునా ముందే రాసుకోండి.

చీటీ చూసి పాడించడం. మరిచిపోతారని భయపడి కుర్రాళ్లు రాసిస్తారు. చీటీ చూడగానే పాట పాఠమైపోతుంది. మరిచిపోతే మరిచిపోనివ్వండి, పక్కనున్న మనిషి అందిస్తుంది.

సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

ఆరున్నరకు: చివరి వరుసలో ఒక పిల్లవాణ్ణి నిలబెట్టి, మైకులో ఒక కొత్త పాట చరణం పాడించండి. వాడు ఆ మాటలు తిరిగి చెప్పగలిగితే మైకు సరిగ్గా ఉన్నట్టు. "చప్పుడు బాగా వస్తోంది" అంటే మాట వినపడలేదన్నమాట, ఎకో చూడండి.

ఎనిమిదింటికి: జనం పెదవులు చూడండి. ముందు రెండు వరుసల్లో పెదవులు కదులుతుంటే పాట వాళ్లకు తెలిసినదే, ఇంకొంతసేపు సాగనివ్వండి. చేతుల్లో ఫోన్లే కనిపిస్తుంటే మార్చండి.

మర్నాడు పొద్దున: బోరింగు దగ్గర, కిరాణా కొట్టు దగ్గర పదినిమిషాలు నిలబడండి. పిల్లలు ఏదైనా పల్లవి కూనిరాగం తీస్తున్నారా? "మా అత్తకు ఇంకా మంచి పాటలొచ్చు, మమ్మల్ని అడగలేదేం" అని ఎవరైనా నిష్ఠూరమాడారా? ఆ మాట అన్నవాళ్ల పేర్లు వెంటనే నోటుబుక్కులో రాసుకోండి. వచ్చే ఏడు మీ జాబితా అక్కడే మొదలవుతుంది.

ఊళ్లో కుదరకపోతే

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండేవాళ్లు అపార్ట్‌మెంట్ హాల్లో ఇదే పని చిన్నగా చేసుకోవచ్చు. నలభై మంది, మైకు లేకుండా, శనివారం సాయంత్రం 6 నుంచి 9. వాచ్‌మన్ కుటుంబాన్ని, ఇళ్లలో పనిచేసే అక్కలను పిలిచి వలయంలో కూర్చోబెట్టండి. పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చినవాళ్లు ఉంటారు, మీకన్నా వాళ్లకే ఎక్కువ పాటలొస్తాయి. వాళ్ల ఆ రోజు పని మీరు పంచుకోండి, కూలి పోకుండా చూడండి. రోలు దొరక్కపోతే చిన్న కల్వం, బండ. కింది ఫ్లాటువాళ్లకు మాత్రం ముందే చెప్పండి, రోకటి పోటు గచ్చు మీద గట్టిగా వినిపిస్తుంది. కింద రెండు మడతల గోనెసంచి వేస్తే సరిపోతుంది.